పచ్చ చుక్కతో హాజరు వేయకండి: డెలివరీ మేనేజర్లకు ఒక టీమ్ లీడ్ బహిరంగ లేఖ

రిమోట్ టీములు నడిపే డెలివరీ మేనేజర్లకు, హెచ్ఆర్ పెద్దలకు నమస్కారం.

ముందు ఒక 74 నిమిషాల లెక్క తేల్చుకోవాలి.

పోయిన నెల రివ్యూకి రెండు రోజుల ముందు నాకొక ఎక్సెల్ షీటు వచ్చింది. నా టీములోని తొమ్మిది మంది పేర్లు, వాటి పక్కన, చాట్ సాఫ్ట్‌వేర్‌లో పేరు పక్కన ఉండే చుక్కని బట్టి (పచ్చగా ఉంటే మనిషి ఉన్నట్టు) ఎవరు ఏ రోజు ఎన్ని నిమిషాలు ‘అందుబాటులో లేరు’ అన్న అంకెలు. గంట దాటిన గడులకు ఎర్ర రంగు. ఆ ఎర్ర గడుల్లో ఒకటి పార్వతీపురం నుంచి పనిచేసే మా కుర్రాడిది. మంగళవారం మధ్యాహ్నం 2:10 నుంచి 3:24 దాకా. రిమార్క్స్ గడిలో ‘ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్’ అని ఉంది.

ఎక్స్‌ప్లెయిన్ చేస్తాను. ఆ రోజు వాళ్ళ వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కరెంటు లేదు, నెట్ లేదు. సరిగ్గా అప్పుడే క్లయింటు వైపు రాత్రి దానంతటదే నడిచే పనుల వరస, అంటే బ్యాచ్ జాబ్ ఒకటి ఇరుక్కుపోయింది. డేటాబేస్‌లో ఎవరిదో ఒక సెషన్ (కనెక్షన్) టేబుల్‌ని లాక్ చేసి కూర్చుంది. దాని వెనకాల మిగతావన్నీ రైల్వే గేటు దగ్గర లారీల్లా నిలబడిపోయాయి. మావాడు మొబైల్ నుంచి కాన్ఫరెన్స్ బ్రిడ్జికి, అంటే అందరూ కలిసి మాట్లాడే ఫోన్ లైనుకి డయల్ చేశాడు. అవతల ఒహాయోలో తెల్లవారుజాము 4:40. ఆన్‌కాల్‌లో ఉన్నది మన తెలుగాయనే. వీడు చీకటి గదిలో కళ్ళు మూసుకుని క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) చెప్పడం, ఆయన టైపు చేయడం, వచ్చిన జవాబు పైకి చదవడం. “అన్నా, బ్లాకింగ్ సెషన్ నంబరు చదవండి. అది కాదు, దాని కింద వరస. అది రిపోర్టింగ్ వాళ్ళది, అప్పుడే చంపకండి. వాళ్ళకి ఒక ఫోన్ కొట్టి అప్పుడు కిల్ చేద్దాం.” గంటకు పైగా ఇదే వరస. 3:20కి జాబ్ కదిలింది. సాయంత్రం క్లయింటు మేనేజరు థాంక్స్ చెబుతూ మెయిల్ పెట్టాడు. ఆ మెయిల్ సీసీలో మీలో ఇద్దరు ఉన్నారు.

ఆ నెలలో వాడు అంత గట్టిగా పనిచేసిన గంట నాకు తెలిసి ఇంకోటి లేదు. మీ షీటులో ఎర్రగా ఉన్నది అదే గంట.

నన్ను నేనేమీ వెనకేసుకు రావడం లేదు. ఆ రోజు 2:25కి వాడి పేరు పక్కన చుక్క బూడిద రంగులో కనబడగానే నేనూ “ఎక్కడున్నావ్?” అని మెసేజ్ పెట్టాను. జవాబు రాకపోయేసరికి ఇంకోటి. మూడోది మొత్తం క్యాపిటల్ లెటర్స్‌లో. బ్రిడ్జి కాల్ సంగతి నాకు తెలిసింది 3:40కి. ఆ మూడు మెసేజ్‌లూ ఇంకా ఆ చాట్‌లోనే ఉన్నాయి. వాడు వాటికి జవాబివ్వలేదు, నేను డిలీట్ చేయలేదు.

నేను తణుకులో మేడ మీది గదిలో కూర్చుని పనిచేస్తాను. 2020 మార్చిలో జనతా కర్ఫ్యూకి రెండు రోజుల ముందు ల్యాప్‌టాప్ బ్యాగుతో బస్సెక్కి ఊరొచ్చాను. పదిహేను రోజుల్లో తిరిగి వెళ్తామనుకున్నాం అందరం. ఇప్పుడు ఆఫీసుకు వెళ్ళేది మూడు నెలలకోసారి. ఈ లేఖ మా ఒక్క కంపెనీ పెద్దలకే రాయొచ్చు. కానీ వేరే కంపెనీల్లో ఉన్న స్నేహితులను అడిగితే వాళ్ళ దగ్గరా ఏదో ఒక రూపంలో ఇలాంటి షీటు ఉందన్నారు. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

అసలు ఈ చుక్క ఏం చూసి రంగు మారుస్తుంది? మైక్రోసాఫ్ట్ టీమ్స్‌నే తీసుకోండి. కంప్యూటర్‌ని లాక్ చేసినా, అది నిద్రలోకి పోయినా, ఓ 5 నిమిషాలు కీబోర్డు, మౌస్ కదలకపోయినా పచ్చ కాస్తా పసుపవుతుంది. ఫోన్లో అయితే యాప్ వెనక్కి పోవడమే ఆలస్యం. క్యాలెండర్లో మీటింగ్ ఉంటే ఎరుపు, అది మీరు వెళ్ళిన మీటింగా ఎగ్గొట్టిన మీటింగా అన్న పట్టింపు లేదు. స్లాక్ అనే ఇంకో చాట్‌లో పచ్చ చుక్క లోపల ఖాళీ అయిపోయి వట్టి గుండ్రం మిగులుతుంది, నోటిఫికేషన్లు ఆపితే పక్కన గుర్రుపెడుతున్నట్టు ‘జెడ్’ అక్షరం వస్తుంది. మొత్తం మీద దానికి తెలిసేది వేళ్ళు కదిలాయా లేదా అన్నదే. తల సంగతి దానికి తెలియదు.

మా పనిలో సగం వేళ్ళు కదలని పని. నా టేబుల్ మీద రెండు వందల పేజీల రూళ్ళ నోటుపుస్తకం ఒకటి ఉంటుంది. ఏ టేబుల్ దేనికి జాయిన్ అవుతోందో పెన్సిల్‌తో గడులు గీసి, బాణాలు వేసి, కొట్టేసి, మళ్ళీ గీసుకుంటాను. ఇండెక్స్ (వెతకడాన్ని వేగం చేసే సూచిక) ఎక్కడ పనిచేయడం లేదో నాకు దొరికేది చాలాసార్లు అక్కడే. పోయినేడు క్లయింటు నెలాఖరు రిపోర్టు ఒకటి నాలుగు గంటలు నడిచేది. దాన్ని 11 నిమిషాలకు తెచ్చాం. ఆ ఉపాయం తట్టినప్పుడు నేను డాబా మీద తడి దుప్పటి పిండుతున్నాను. నా చుక్క కచ్చితంగా పసుపే. అదే రోజు పొద్దున్న ఓ గంటన్నర స్టేటస్ రిపోర్టులో గడులకు రంగులు అద్దుతూ కూర్చున్నాను. అప్పుడు నిండు పచ్చ.

ఈ చుక్క పుట్టింది దీనికోసం కాదు. నా వయసు వాళ్ళకి యాహూ మెసెంజర్ గుర్తుండే ఉంటుంది. అమీర్‌పేటలో కోర్సు చేస్తున్న రోజుల్లో ఇంటర్నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి కూర్చునేవాళ్ళం. పసుపు పచ్చని నవ్వు ముఖం వెలిగితే మనిషి ఉన్నట్టు. ఎవరితోనైనా మాట్లాడాలని లేకపోతే ‘ఇన్విజిబుల్’ పెట్టుకునేవాళ్ళం. ఫలానా అన్నయ్య ఆన్‌లైన్‌లో ఉన్నాడా, అమెరికాలో వాళ్ళు లేచారా అని మనం చూసుకోవచ్చు, మనం మాత్రం కనబడం. అందులో తప్పేమీ లేదు, అందరూ చేసేవాళ్ళు. దానికి ముందు 1996లో ఇజ్రాయెల్ కుర్రాళ్ళు తెచ్చిన ఐసీక్యూ అనే చాట్‌లోనూ అంతే. ‘ఖాళీగా ఉన్నా, మాట్లాడొచ్చు’ అని ఒక గుర్తు, ‘పనిలో ఉన్నా’ అని ఇంకోటి, ‘కదిలించొద్దు’ అని మరోటి. ఏది పెట్టుకోవాలో పెట్టుకునేవాడి ఇష్టం.

నేను కాస్త పాత కాగితాలు తిరగేసే రకం. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ వాళ్ళు 2000 ఫిబ్రవరిలో ఈ ‘ప్రెజెన్స్’ అనేదానికి, అంటే మనిషి ఉన్నాడో లేడో తెలియజేయడానికి ఒక నమూనా రాశారు, ఆర్ఎఫ్‌సీ 2778 అని. తన సంగతి తెలియజేసేవాడికి, దాన్ని చూసేవాడికి అందులో వేరువేరు పేర్లు పెట్టారు. చూసేవాడు ‘వాచర్’. నాకు నచ్చిందేమిటంటే, ఎవరు చూస్తున్నారు, ఎలా చూస్తున్నారు అన్న సమాచారానికి కూడా ఆ నమూనాలో ఒక చోటు ఉంది. అంటే చూసేవాడు కూడా కనబడొచ్చని 2000లోనే అనుకున్నారన్నమాట. తర్వాత 2004లో జాబర్ అనే చాట్ పద్ధతికి రాసిన ప్రమాణంలో నాలుగే నాలుగు మాటలు: కాస్త పక్కకెళ్ళా, చాలాసేపటికి గానీ రాను, కదిలించొద్దు, నాలుగోది ‘చాట్’, అంటే కబుర్లకి రెడీ అని. ఇవన్నీ ఫోన్ చేయబోయేవాడికి పనికొచ్చే మాటలు. ఇప్పుడు పిలవొచ్చా, తర్వాత పిలవాలా అన్న ఒక్క ప్రశ్నకి జవాబు. వీధి గుమ్మానికి గొళ్ళెం పెట్టి ఉందో లేదో చూసి తలుపు తట్టడం లాంటిది. ఆ గొళ్ళెం ఎన్ని నిమిషాలు పెట్టి ఉందో రోజూ రాసుకుపోయే మనిషి ఈ కథలో ఎక్కడా లేడు. అతను తర్వాత వచ్చాడు.

ఎలా వచ్చాడంటే, ఈ చుక్కని మనమే కాదు, వేరే ప్రోగ్రాములు కూడా చదవగలవు. టీమ్స్‌కి మైక్రోసాఫ్ట్ గ్రాఫ్ అనే దారి ఉంది. కంపెనీ అనుమతిస్తే ఏ ప్రోగ్రామైనా అటునుంచి వచ్చి ఎవరి స్టేటస్ ఏమిటో అడగొచ్చు. రెండు నిమిషాలకోసారి అడిగి ఒక టేబుల్‌లో పడేస్తే నెలాఖరుకి షీటు తయారు. డేటాబేస్ దానిని కాబట్టి చెబుతున్నాను, ఇది ఒక మధ్యాహ్నం పని. అంత తేలిక కాబట్టే ఎవరో రాసేశారు, రాశారు కాబట్టి మీరు చూశారు, చూశారు కాబట్టి ఎర్ర రంగు వేయాలనిపించింది.

దీనివల్ల మా టీములో ఏం జరిగిందో చెబుతాను. పేర్లు అడగొద్దు.

ఒక కుర్రాడి దగ్గర ముళ్ళ వాచీ ఉంది. వాళ్ళ నాన్నగారిదట. టిఫిన్‌కి వెళ్ళేటప్పుడు దాన్ని టేబుల్ మీద వెల్లకిలా పెట్టి, దాని అద్దం మీద మౌస్ పెడతాడు. సెకన్ల ముల్లు తిరిగినప్పుడల్లా మౌస్ కింది లైటుకి కదలిక తగులుతుంది. తెర మీద బాణం గుర్తు కొద్దిగా వణుకుతుంది. చుక్క పచ్చగా ఉంటుంది. వీడియో కాల్‌లో నాకు చూపించాడు. నవ్వాలో తిట్టాలో తెలియలేదు, రెండూ చేశాను. ఇంకొకడు నోట్‌ప్యాడ్ తెరిచి స్పేస్ బార్ మీద సెల్లో టేప్ చుట్ట పెట్టి వెళ్ళేవాడు. ఒకసారి తిరిగొచ్చేసరికి నోట్‌ప్యాడ్ పక్కకు పోయి, క్లయింటు చాట్ పైకొచ్చి, అందులో వందల ఖాళీలు టైపై ఉన్నాయట. ఎంటర్ మీద పెట్టనందుకు దేవుడికి దండం పెట్టుకున్నాడు. తనతో తనే మీటింగ్ పెట్టుకుని అందులో ఒంటరిగా కూర్చునేవాళ్ళు, మౌస్‌ని కదిలించే జిగ్లర్ అనే బుల్లి పరికరం కొనుక్కున్నవాళ్ళు, వీళ్ళ సంగతి మీకు తెలిసే ఉంటుంది.

ఇవి నవ్వుకునేవి. ఇంకొకటుంది. ప్రసూతి సెలవు అయిపోయి తిరిగి చేరిన ఒక అమ్మాయి. బిడ్డకి ఏడో నెల. పాలు పట్టేటప్పుడు మంచం మీద పక్కనే ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఒక చేత్తో బిడ్డని పట్టుకుని, రెండో చేతి చూపుడు వేలితో టచ్‌ప్యాడ్‌ని అలా అలా రాస్తుంటుందట. బిడ్డ ఆ వెలుతురుకి తల తిప్పి చూస్తుందట, పాలు వదిలేసి. ఈ మాట ఆమె నాకు కంప్లైంట్‌గా చెప్పలేదు, మామూలుగా ఏదో మాటల్లో చెప్పింది. ఆ అమ్మాయిని ఎవరూ అలా చేయమనలేదు. షీటు ఉందని తెలుసు, అంతే.

అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు 2024లో పన్నెండు మందికి పైగా ఉద్యోగులను తీసేసింది, కీబోర్డు మీద పనిచేస్తున్నట్టు నటించారని. ఆ వార్త వచ్చినప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా తెగ తిరిగింది. అందరూ వాళ్ళ మోసం గురించే మాట్లాడారు. కీబోర్డు కదలికని పనికి కొలతగా పెట్టినవాళ్ళని ఎవరూ ఏమీ అనలేదు. నటనకి మార్కులు వేస్తామంటే నటులే తయారవుతారు. మా కుర్రాడు ఆ వాచీ కిటుకు మీద పెట్టిన తెలివి మా అలర్ట్ స్క్రిప్ట్ మీద పెట్టి ఉంటే నాకు రాత్రి పూట రెండు ఫోన్లు తగ్గేవి.

పసుపుతో ఒక తంటా అయితే పచ్చతో ఇంకో తంటా. మా షిఫ్టు మధ్యాహ్నం 1:30 నుంచి రాత్రి 10:30. క్లయింటుకి పొద్దున్న 9 అంటే మనకి వేసవిలో సాయంత్రం 6:30. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారం వెనక్కి తిప్పుకుంటారు, అప్పటి నుంచి మార్చి దాకా మనకి 7:30. ఆ నాలుగు నెలలు మా భోజనాల వేళలు కూడా వాళ్ళ గడియారంతోనే మారతాయి. అది ఉద్యోగంలో భాగం, ఒప్పుకున్నాం. కానీ పొద్దున్న 8 గంటలకి మా అబ్బాయి స్కూలు ప్రాజెక్టుకి ప్రింటు తీద్దామని ల్యాప్‌టాప్ తెరిస్తే చుక్క దానంతటదే పచ్చబడుతుంది. వెంటనే ఒక మెసేజ్: “ఆన్‌లైన్‌లో కనిపించారు, ఒక్క రెండు నిమిషాలు...” రెండు నిమిషాలు నలభై అవుతాయి. ప్రింటు సంగతి అటకెక్కుతుంది. కాళ్ళ మీద పడి ‘నేను పనిలో లేను’ అని చెప్పినా వినని చుక్క అది. పసుపు అయితే ఎగ్గొట్టినట్టు, పచ్చ అయితే పట్టుబడినట్టు.

దీనికి తోడు ‘హాయ్’లు. పచ్చ చుక్క కనబడగానే “హాయ్ మేడమ్” అని ఒకరు. ఆ తర్వాత ఏమీ ఉండదు. నేను “హాయ్, చెప్పండి” అనాలి. అప్పుడు “బాగున్నారా?” అసలు విషయం నాలుగో మెసేజ్‌లో. ఈలోపు నేను చదువుతున్న లాగ్‌లో ఎక్కడున్నానో మర్చిపోతాను. కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రొఫెసర్ గ్లోరియా మార్క్ 2008లో మరో ఇద్దరితో కలిసి దీని మీద ఒక ప్రయోగం చేశారు. ఆశ్చర్యమేమిటంటే మధ్యలో కదిలించినవాళ్ళు పనిని ఇంకా త్వరగా ముగించారు. కానీ టెన్షన్, హడావిడి, చికాకు ఎక్కువయ్యాయి. ఇది చదివి మీలో కొందరు సంతోషిస్తారేమో, త్వరగా అవుతోంది కదా అని. త్వరగా ముగించిన క్వెరీలు ప్రొడక్షన్‌లోకి (క్లయింటు నిజంగా వాడే సిస్టమ్‌లోకి) వెళ్ళాక రాత్రి 2 గంటలకి లేచి చూసుకునేది మేము.

మాది గోదావరి జిల్లా. ఊడ్పుల కాలంలో మా తాతగారి పొలంలో చూసిన సంగతి ఒకటి చెబుతాను, మీకు ఎక్సెల్ కంటే తొందరగా ఎక్కుతుందేమో. రోజు కూలికి మనుషులను పెట్టుకుంటే రైతు పొద్దున్నుంచి సాయంత్రం దాకా గొడుగేసుకుని గట్టు మీద నిలబడతాడు. ఎవరు నడుం ఎత్తారు, ఎవరు మంచినీళ్ళకని వెళ్ళి ఆలస్యం చేశారు, ఇదే చూపు. అదే ఎకరానికి ఇంతని గుత్తకి ఇస్తే గట్టు మీద నిలబడడు. వాళ్ళు తెల్లారగట్ల దిగుతారో, ఎండ తగ్గాక దిగుతారో వాళ్ళిష్టం. మరి రైతు అమాయకుడా? కాదు. సాయంత్రం చేలోకి దిగి మొక్కకీ మొక్కకీ మధ్య దూరం చూస్తాడు, కుదురుకి ఎన్ని మొక్కలు పెట్టారో నాలుగు చోట్ల పీకి చూస్తాడు. పల్చగా వేస్తే అక్కడే గొడవ పెట్టుకుంటాడు. మా తాతగారు గుత్త మేస్త్రీతో పడ్డ గొడవలు ఊరంతా వినబడేవి. ఒక్క గొడవ కూడా నడుం ఎత్తినందుకు కాదు.

మాకు మీరిచ్చింది గుత్త పని. టికెట్లున్నాయి (ఒక్కో పనికి సిస్టమ్‌లో ఒక్కో నమోదు), ఎస్ఎల్ఏలున్నాయి (ఎంతసేపట్లో ముగించాలన్న ఒప్పందాలు), రిలీజ్ తేదీలున్నాయి. ఏ టికెట్ ఎంతసేపట్లో మూసుకుందో, మూసుకున్నది మళ్ళీ తెరుచుకుందో అన్నీ సిస్టమ్‌లో ఉన్నాయి. అంటే చేలోకి దిగి చూసే వీలు మీకు పూర్తిగా ఉంది. మీరు మాత్రం గట్టు మీదే ఉన్నారు, గొడుగేసుకుని.

మీ వైపు వాదన కూడా నాకు తెలుసు. నేనూ తొమ్మిది మందిని చూసుకునేదాన్నే కదా. ఎదురుగా మనిషి లేనప్పుడు గుండెలో ఒక గుబులు ఉంటుంది. 2022లో మైక్రోసాఫ్ట్ వాళ్ళే ఒక సర్వే చేశారు. తాము బాగా పనిచేస్తున్నామని 87 శాతం ఉద్యోగులు చెప్పారు. తమ టీము బాగా పనిచేస్తోందని పూర్తి నమ్మకం ఉన్నది 12 శాతం మంది పై అధికారులకే. ఆ గుబులుకి వాళ్ళు ‘ప్రొడక్టివిటీ పారనోయా’ అని పేరు పెట్టారు. మన బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన ఆ కంపెనీ సీఈఓ సత్య నాదెళ్ళ గారే ఆ మాటని ఊరూరా తిప్పారు. అంతకు రెండేళ్ళ ముందు, 2020 చివర్లో, ఆ కంపెనీ ‘ప్రొడక్టివిటీ స్కోర్’ అని ఒకటి తెచ్చి, ఏ ఉద్యోగి ఎన్ని మెయిల్స్ పంపాడో పేరుతో సహా చూపించేలా పెడితే జనం గోల చేశారు. డిసెంబరు మొదట్లోనే ఆ పేర్లు తీసేశారు. అంత పెద్ద కంపెనీకి తీసేయడం నామోషీ కాలేదు.

“మరి రెండు ఉద్యోగాలు చేసేవాళ్ళ సంగతి?” అని మీరంటారు. విప్రో 2022లో ఆ కారణంతోనే 300 మందిని తీసేసింది, అది నాకూ గుర్తుంది. అలాంటివాళ్ళు లేరని నేననను. కానీ ఒక్కటి ఆలోచించండి. రెండు కంపెనీల్లో చేసేవాడు రెండు ల్యాప్‌టాప్‌లకీ జిగ్లర్లు పెట్టుకుని కూర్చుంటాడు. వాడి చుక్క రెండు చోట్లా మనందరి కంటే పచ్చగా ఉంటుంది. మీ షీటులో వాడికి ఒక్క ఎర్ర గడి కూడా రాదు. వచ్చేది ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినవాడికి.

చట్టం మాకు పెద్దగా అక్కరకు రాదని తెలుసు. దుకాణాలు, సంస్థల చట్టం 1988 నాటిది. అందులో పని గంటల సెక్షన్ల నుంచి ఐటీ కంపెనీలకు మినహాయింపులు ఇస్తూ వచ్చారు. 2023 డేటా రక్షణ చట్టంలో ఉద్యోగ అవసరాలకైతే సమ్మతి అడగనక్కరలేదన్నట్టు ఒక కిటికీ తెరిచే ఉంచారు. ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి పని వేళలు అయిపోయాక ఫోన్లకీ మెసేజ్‌లకీ దూరంగా ఉండే హక్కు ఉంది. మన దగ్గర ఎంపీ సుప్రియా సూలే గారు 2018లో లోక్‌సభలో అలాంటి ప్రైవేటు బిల్లు (ప్రభుత్వం తరఫున కాకుండా సభ్యులు సొంతంగా పెట్టేది) పెట్టారు, 2025 డిసెంబరులో మళ్ళీ పెట్టారు. ప్రైవేటు బిల్లుల గతి మీకు నేను చెప్పాలా? కాబట్టి ఇది కోర్టు మాటలు మాట్లాడే లేఖ కాదు. మీరు తలచుకుంటే రేపు పొద్దున్నే ఆపగలిగిన పని గురించి రాసిన లేఖ.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఆ షీటు ఆపండి. ముఖ్యంగా అప్రైజల్‌కి ముందు రోజుల్లో దాన్ని ఎవరికీ పంపకండి. ఆపలేమంటే, మా చుక్కని ఏ ప్రోగ్రాము చదువుతోంది, ఎంతకాలం దాచుతుంది, ఎవరెవరు చూస్తారు అన్నది కాగితం మీద రాసి మాకివ్వండి. 2000లో ఆ నమూనా రాసినవాళ్ళు కూడా చూసేవాళ్ళ సమాచారానికి చోటిచ్చారని పైన చెప్పాను. ‘అపియర్ ఆఫ్‌లైన్’ అన్న బటన్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. దాన్ని వాడుకున్నవాడిని దొంగలా చూడకండి. నిజంగా అర్జెంటైతే ఆన్‌కాల్ రోస్టర్ ఉంది, అందులో ఫోన్ నంబర్లున్నాయి, మేము ఎత్తుతాం. ఆ మంగళవారం ఎత్తినట్టే.

మా టీములో నేను నా చేతిలో ఉన్నంత వరకు ఒక పని మొదలుపెట్టాను. చుక్క రంగు చూడటం మానేశాం. దాని బదులు ప్రతి ఒక్కరూ స్టేటస్ మెసేజ్ దగ్గర ఒక లైను రాస్తారు, తెలుగులో రాసినా సరే. “డెడ్‌లాక్ లాగ్స్ చూస్తున్నా, 4 దాకా కదిలించకండి.” “అమ్మమ్మని కంటి ఆసుపత్రికి తీసుకెళ్తున్నా, 5:30కి వస్తా, అర్జెంటైతే ఫోన్.” ఆ బిడ్డ తల్లి మొదటి రోజు ఏమీ రాయలేదు. రెండో రోజు “బిడ్డకి పాలు, 20 నిమిషాలు” అని పెట్టింది. కాసేపటికి తీసేసింది. మర్నాడు మళ్ళీ పెట్టి అలాగే ఉంచింది. ఒక మహానుభావుడు “ఆలోచిస్తున్నా” అని పెట్టి మూడు రోజులుగా మార్చలేదు. వాడి టికెట్లు చూశాను, నిజంగానే ఆలోచిస్తున్నట్టున్నాడు, ఊరుకున్నాను. ‘హాయ్ మేడమ్’లు పూర్తిగా ఆగలేదు గానీ తగ్గాయి. లైను చదివినవాడు నేరుగా విషయం రాస్తున్నాడు.

ఇదంతా మీ షీటు ఆగనంత వరకు సగం పనే. మేము ఎన్ని లైన్లు రాసుకున్నా నెలాఖరుకి ఆ నిమిషాలు వస్తాయని అందరికీ తెలుసు. వాచీ కుర్రాడిని అడిగాను, “ఇంక అది చేతికి పెట్టుకోవచ్చు కదరా” అని.

“పైనుంచి మెయిల్ రానివ్వండక్కా” అన్నాడు. “మొన్ననే కొత్త సెల్ వేయించా.”

ఇట్లు,
తణుకు నుంచి,
మీ తొమ్మిది మంది టీముకి లీడ్